గుండులో పోసిన సీసం

కోత పండుగ ఆదివారం మా చర్చిలోకి అడుగు పెడితే అంగడిలోకి వచ్చినట్టే ఉంటుంది. వేదిక ముందు వడ్ల బస్తాలు, కందుల మూటలు, బత్తాయిల గంపలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే సరిగ్గా అప్పుడే ఒక పుంజు కూస్తుంది. కోడి కూయకముందే యేసును ఎరగనన్న పేతురు సంగతి గుర్తొచ్చి పెద్దవాళ్లు కూడా తల దించుకుని నవ్వుకుంటారు. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద వేలం పాట. యాభై రూపాయల గుమ్మడికాయ ఐదు వందలు పలుకుతుంది. పాడుకున్నాయన దాన్ని మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట మొదలు.

ఆ రోజు వాక్యం నేను వెళ్లిన ఏ సంఘంలోనైనా దాదాపు ఒకటే, లూకా 6:38. “ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును.” అణచి, కుదిలించి, దిగజారునట్లు నిండు కొలత అంటాడు ప్రభువు. కుంచంతో వడ్లు కొలిచిన చేతులకు ఆ మాట విప్పి చెప్పే పనే లేదు. కానీ అదే వచనం చివర ఇంకో ముక్క ఉంది: “మీరు ఏ కొలతతో కొలుతురో ఆ కొలతతోనే మీకు మరల కొలువబడును.” ఇన్నేళ్లలో ఆ ముక్క మీద ప్రసంగం విన్నది ఎప్పుడో గాని లేదు. వచనాన్ని సగంలో ఆపితే కానుకల పళ్లెం తిరుగుతుంది. చివరిదాకా చదివితే కాంటా దగ్గరికి వెళ్లి నిలబడాలి.

కాంటా గురించి నాకు కొంచెం ఎక్కువే తెలుసు. మాది నల్లగొండ జిల్లా మునుగోడు వైపు ఒక ఊరు. పత్తి, బత్తాయి, చెరువు నిండిన ఏడు కొంచెం వరి. మా నాయిన పత్తి సీజన్‌లో ఒక సేటు దగ్గర కాంటా పని చేసేవాడు. ఇది 1990ల మాట, ఎలక్ట్రానిక్ కాంటాలు మా వైపు ఇంకా రాలేదు. మూడు కర్రలు నిలబెట్టి త్రాసు వేలాడదీసేవాళ్లు. ఒక పక్క 20 కిలోల గుండు, ఇంకో పక్క పత్తి. ఐదు సార్లు జోకితే క్వింటాలు. ఇనుప గుండు అడుగున ఒక రంధ్రం, అందులో సీసం పోసి దాని మీద ముద్ర కొడతారు, బరువు సరిగ్గా ఉందని గుర్తు. సేటు గుండులో సీసం మరో 400 గ్రాములు ఎక్కువ. త్రాసు ముల్లు నిటారుగా నిలబడేది. రైతు కళ్లారా చూసేవాడు, తృప్తిగా తల ఊపేవాడు, క్వింటాలుకు 2 కిలోలు పోగొట్టుకుని ఇంటికి పోయేవాడు. ఇది కాక తరుగు పేరుతో అందరికీ తెలిసేట్టు తీసేది వేరే.

నాయినకు గుండు సంగతి మొదటి రోజే తెలిసింది. రోజూ మోసే చేతికి 400 గ్రాములు తెలియకుండా ఉంటాయా?

సామెతలు 11:1: “దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము.” సరియైన గుండు అన్నచోట హెబ్రీలో ఉన్న మాట ఎబెన్ షెలేమా. ఎబెన్ అంటే రాయి, షెలేమా అంటే లోటు లేనిది, నిండైనది. సమాధానం అని మనం అనువదించుకునే షాలోం కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. అది తెలిసిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. మనం ప్రార్థనలో అడుగుతున్న సమాధానమూ త్రాసు పళ్లెంలో పెట్టే రాయీ ఆ భాషలో చుట్టాలు.

అప్పట్లో తూకానికి నిజంగా రాళ్లే వాడేవారు. యూదా ప్రాంతంలో తవ్వకాల్లో సున్నపురాతి తూకపు రాళ్లు చాలా దొరికాయి. అడుగు చదునుగా, పైన గుండ్రంగా, మీద గుర్తు చెక్కి ఉంటాయి. షెకెలు (అప్పటి తూకపు ప్రమాణం) రాయి దాదాపు 11.3 గ్రాములు తూగుతుంది. వాటిని సంచిలో వేసుకుని తిరిగేవాళ్లు గనుకే ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు రకాల రాళ్లు ఉంచుకోవద్దంటుంది. కొనేటప్పుడు పెద్దది, అమ్మేటప్పుడు చిన్నది. సేటు ఆ గ్రంథం చదివి ఉండడు గాని పద్ధతి మాత్రం అదే.

లేవీయకాండము 19 తెరిచి చూడండి. “నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను” అన్న మాట మొదట ఉన్నది అక్కడే, 18వ వచనంలో. దాని చుట్టూ ఏమున్నాయో చూస్తే మన ఊరే కనబడుతుంది. చేను గట్ల వారగా పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకు వదిలెయ్యి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. గుడ్డివాడి దారికి అడ్డం పెట్టొద్దు. చివరికి వస్తే కొలతలో, తూనికలో, పరిమాణంలో అన్యాయం చేయొద్దు. ప్రేమను మనం పాటల్లో పెట్టుకున్నాం. లేవీయకాండము దాన్ని పరిగెకూ తూకానికీ మధ్య పెట్టింది.

ఇక్కడ ఒక ప్రశ్న. సరిగ్గా జోకేవాడంతా మంచివాడేనా? జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక కొట్టతని సంగతి ఎత్తుతాడు. (కాంట్ అనే పేరు, కాంటా అనే మాట ఇలా కలవడం నాకు భలే సరదాగా ఉంటుంది.) ఆ కొట్టతను పసిపిల్లాడు వచ్చినా అదే ధరకు అమ్ముతాడు, ఎవరినీ మోసం చేయడు. మెచ్చుకోవలసిందేనా? ఆగమంటాడు కాంట్. మోసం బయటపడితే గిరాకీ పోతుందన్న లెక్కతో నిజాయితీగా ఉన్నాడేమో. చేసిన పని ధర్మానికి సరిపోయింది, కానీ ధర్మం కోసం చేసింది కాదు. అతని లెక్కలో అలాంటి పనికి నైతికమైన విలువ లేదు.

మొదటిసారి చదివినప్పుడు మరీ అంత కఠినమా అనిపించింది. ఏ కారణంతోనైతేనేం, రైతుకు తూకం సరిగ్గా వస్తే చాలదా? తర్వాత మా వైపు ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాయి. ఏ గుండుకు ఎంత సీసం అన్న గొడవ పోయింది. అప్పటిదాకా మోసం చేసినవాళ్లంతా రాత్రికి రాత్రి సరిగ్గా జోకడం మొదలుపెట్టారు, తేమ పేరుతో, తాలు పేరుతో తరుగు మాత్రం పెంచారు. అప్పుడు కాంట్ చెప్పింది కొంచెం అర్థమైంది. యంత్రం మారితే చెయ్యి ఇంకో దారి వెతుక్కుంది. కొండమీది ప్రసంగంలో ప్రభువు నరహత్య దగ్గర ఆగకుండా కోపం దాకా, వ్యభిచారం దగ్గర ఆగకుండా చూపు దాకా వెళ్లడం కూడా ఇందుకే అనుకుంటాను. అయినా కాంట్‌తో నేను పూర్తిగా ఏకీభవించను. భయంతోనైనా సరే సరిగ్గా జోకుతూ జోకుతూ, ఒకనాటికి తప్పు జోకడానికి చెయ్యి రాని మనిషి కావచ్చు. అలవాటు మనిషిని మలుస్తుందని అరిస్టాటిల్ నుంచి థామస్ అక్వినాస్ దాకా చెప్పుకొచ్చారు. మా అవ్వ కూడా అదే చెప్పేది, వాళ్లిద్దరి పేర్లు తెలియకుండానే.

అక్వినాస్ 13వ శతాబ్దపు సన్యాసి, 1274లో పోయాడు. పెద్ద పెద్ద వేదాంత విషయాల మధ్య కొనుగోలు, అమ్మకాల మోసాల మీద కూడా తీరిగ్గా కూర్చుని రాశాడు. అందులో ఒక చిక్కు. కరువు ఊరికి ఒక వర్తకుడు ధాన్యం తీసుకొస్తాడు. వెనకాలే ఇంకా చాలామంది ధాన్యంతో వస్తున్నారని అతనికి తెలుసు, ఊరివాళ్లకు తెలియదు. ఆ సంగతి చెప్పకుండా అప్పటి ధరకు అమ్ముకోవచ్చా? అమ్ముకోవచ్చు, న్యాయం తప్పినట్టు కాదు అంటాడు అక్వినాస్. చెప్పినా, ధర తగ్గించినా అది ఇంకా గొప్ప గుణం అని చేరుస్తాడు. ఇలాంటి చిక్కు మా బత్తాయి తోటల్లో ఏటా వస్తుంది, కాకపోతే తిరగబడి. తోట గుత్తకు మాట్లాడేవాడికి పట్నం మార్కెట్ ధర ఆ పొద్దునే ఫోన్‌లో తెలుస్తుంది, రైతుకు నిన్నటి ధరే తెలుసు. అక్వినాస్ ఇచ్చిన సందును పట్టుకుని గుత్తదారు బయటపడొచ్చేమో. కానీ ఆ సందు నాకు ఎప్పుడూ ఇరుకుగానే అనిపిస్తుంది. రైతు ఇంట్లో చాయ్ తాగుతూ, పెద్దాయన్ని “మామా” అని పిలుస్తూ ఆ ధర దాచడం కష్టం.

రైతు మాత్రం తక్కువా? ఇది రాయకపోతే నా రాత కూడా దొంగత్రాసే. పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే సర్కారు కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అయినా బోరెం (పత్తి నింపే పెద్ద సంచి) తొక్కే ముందు పత్తి మీద నీళ్లు చల్లిన ఇళ్లు నాకు తెలుసు. “వాడు తరుగు తీస్తలేడా? మనం నీళ్లు చల్లితే తప్పా?” బైబిల్లోని ఆమోసు ప్రవక్త కాలంలో కూడా ఇదే బేరం. అంగడి ఎప్పుడు తెరుస్తారా, చచ్చు ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని విశ్రాంతి దినాన కూర్చుని లెక్కలు వేసుకునేవాళ్లను ఆయన ఎనిమిదో అధ్యాయంలో తిడతాడు. ఆరాధనలో కూర్చుని అంగడి గురించి ఆలోచించడం మనం కనిపెట్టింది కాదన్నమాట. సేటు తరుగుకు రైతు నీళ్లు, రైతు నీళ్లకు సేటు ఇంకో కిలో. ఎవరిది ముందో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరి సమాధానమూ ఒకటే, అందరూ చేసేదేగా.

ఈ బేరాల్లో ఒట్లు కూడా బాగా నడుస్తాయి. “దేవుని తోడు, గ్రాము తేడా లేదు.” నల్లగొండలో 1890లలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ దొర రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే క్రైస్తవ శాఖ మనిషి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి సేవ చేశాడు. మెన్నొనైట్లు తరతరాలుగా ఒట్టు పెట్టుకోరు. “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు” అన్న మత్తయి 5:37ను ఉన్నది ఉన్నట్టు పాటిస్తారు. పాలమూరు, దేవరకొండ, వనపర్తి వైపు ఎంబీ సంఘాలు ఆ వేరు నుంచి వచ్చినవే. వేరు అలాంటిది, మరి మన అంగట్లో ఒట్లు ఎట్లా ఇన్ని మొలిచాయో!

మళ్లీ నాయిన దగ్గరికి వస్తాను. సీసం పోసింది సేటు. లాభం తిన్నది సేటు. నాయినకు దక్కింది రోజు కూలి. మరి పాపం ఎవరిది? అక్వినాస్ దీన్ని కూడా వదల్లేదు. తాను ఏమీ తీసుకోకపోయినా మనిషి ఇంకొకరి దొంగతనంలో భాగం కాగల తొమ్మిది దారులు లెక్కపెట్టాడు: ఆజ్ఞ ఇవ్వడం, సలహా ఇవ్వడం, ఒప్పుకోవడం, పొగడటం, ఆశ్రయం ఇవ్వడం, పాలుపంచుకోవడం, నోరు మూసుకోవడం, ఆపకపోవడం, బయటపెట్టకపోవడం. చివరి మూడింటికి చెయ్యి కూడా కదపక్కర్లేదు. 18వ శతాబ్దంలో ఇటలీలో ఉన్న అల్ఫోన్సస్ లిగోరి అనే బిషప్పు ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. యజమాని చెడ్డ పనికి పోతుంటే నిచ్చెన పట్టుకున్న నౌకరు సంగతి అప్పట్లో వేదాంతుల మధ్య పెద్ద వాదం. నౌకరుకు కూడా ఆ చెడు ఇష్టమేనా, లేక ఇష్టం లేకుండా, పెద్ద నష్టం తప్పించుకోవడానికి చెయ్యి మాత్రమే వేశాడా? రెండూ ఒకటి కాదంటాడు లిగోరి. ఇష్టపడి తోడైతే అది ఎప్పుడూ పాపమే. చెయ్యి మాత్రమే వేస్తే, ఆ పని ఎలాంటిది, భయం ఎంతటిది, నష్టం ఎవరికి అని చూడాలి.

నాయిన పక్షాన వకాల్తా తీసుకుని ఈ తేడా చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. ఇంట్లో ఐదుగురం. కాంటా పని పోతే పాలమూరోళ్ల లెక్క బొంబాయి బస్సు ఎక్కాల్సిందే. ఆ భయం నిజం. ఆ మనిషికి రైతుల మీద కోపం లేదు, సేటు మీద ప్రేమా లేదు. కానీ నిచ్చెన పట్టుకున్న నౌకరు వంటిది కూడా కాదు నాయిన పని. త్రాసు పట్టిన చెయ్యి నాయినదే. ముల్లు నిటారుగా నిలబడ్డాక “సరిగ్గున్నది” అని అరిచే గొంతు కూడా నాయినదే.

ఇక అసలు సంగతి. తప్పు ఒప్పుకోవడం గురించి మన సంఘాల్లో బాగానే చెబుతారు. క్షమాపణ గురించి ఇంకా బాగా చెబుతారు. తిరిగి ఇచ్చెయ్యడం గురించే ఎందుకో నోరు రాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ ఆదివారపు బడి పిల్లలకు చెట్టు ఎక్కిన పొట్టివాడి కథగా మిగిలిపోయింది. అతను అన్న మాట చూడండి: అన్యాయంగా ఎవరి దగ్గర ఏం తీసుకున్నా నాలుగంతలు తిరిగి చెల్లిస్తాను. ఆ మాట విన్నాకే ప్రభువు “నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది” అన్నాడు. బీదలకు సగం ఆస్తి ఇస్తానన్నది వేరు లెక్క, నాలుగంతలు వేరు లెక్క. జక్కయ్య రెండింటినీ కలపలేదు. మనం కలిపేస్తాం. ఎక్కడో తప్పు తూకంతో వచ్చిన డబ్బులోంచి కొంత తీసి దశమభాగం ఇస్తాం, మనసు తేలికవుతుంది, రైతు బోరెం మాత్రం తేలికగానే ఉండిపోతుంది.

సంఖ్యాకాండము 5లో దీనికి ఒక వరస ఉంది. మొదట పాపం ఒప్పుకోవాలి. తర్వాత తీసుకున్నది మొత్తం, దాని మీద ఐదో వంతు చేర్చి, ఎవరికి నష్టం చేశాడో అతనికే ఇవ్వాలి. అతను లేకపోతే అతని దగ్గరి బంధువుకు. ఆ బంధువు కూడా లేడనుకుంటేనే అది యెహోవాది, యాజకునికి చేరుతుంది. అంటే దేవుడు తన పేరును ఆ వరసలో అన్నిటికంటే చివర రాసుకున్నాడు. మనం మొదటే ఆయన దగ్గరికి పళ్లెం పట్టుకుని పోతాం, ఆయనతో పరిష్కారం చేసుకోవడం తేలిక గనుక. ఆయన ఊళ్లో ఎదురుపడి మన ముఖంలోకి చూడడు. రైతు చూస్తాడు.

ఒక ఏడు కోత పండుగకు నాయిన వడ్ల బస్తా ఒకటి ఎత్తుకుని చర్చికి వచ్చాడు. చెరువు కింది ఎకరంలో పండినవి. ఆ రోజు బయటి నుంచి వచ్చిన అయ్యగారు లూకా 6 కాకుండా మత్తయి 5 చదివాడు. “నీవు బలిపీఠమునొద్ద అర్పణము నర్పించుచుండగా నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని అక్కడ నీకు జ్ఞాపకము వచ్చినయెడల…” అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నది వాక్యం. నాయిన ఒక చిన్న మార్పు చేశాడు. లేచి, ముందుకు వెళ్లి, తన బస్తాను మళ్లీ భుజానికెత్తుకుని చర్చి మధ్యలోంచి బయటికి నడిచాడు. కమిటీ వాళ్లతో ఏదో గొడవ పడ్డాడని అందరూ అనుకున్నారు. అమ్మ తల దించుకుంది. ఏడో తరగతి పిల్లాడిని, నేను వెనకాల పరుగెత్తాను.

ఊరి చివర ఒక ముసలి రైతు ఇల్లు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు కాళ్లు వంకర్లు తిరిగి కర్రతో నడిచేవాడు. చర్చి మనిషి కాదు. మూడేళ్లు వరుసగా ఏటా ఎనిమిదేసి క్వింటాళ్ల పత్తి నాయిన చేతి మీదుగానే జోకించాడు. నాయిన ఎప్పుడు లెక్క వేసుకున్నాడో గాని నోటి మీద ఉంది: 48 కిలోల పత్తి. ఐదో వంతు చేరిస్తే 58 దాకా. పత్తి ధర అప్పుడు వడ్లకు దాదాపు నాలుగింతలు, అందుకని మూడు బస్తాలు బాకీ. భుజం మీద ఉన్నది ఒకటే.

బస్తా గుమ్మం ముందు దించి, నిలబడే అంతా చెప్పాడు. సీసం సంగతి, 400 గ్రాములు, ముల్లు ఎందుకు నిటారుగా నిలబడేదో. సేటు పేరు తీయలేదు, “నేను జోకిన” అన్నాడు. మిగతా రెండు బస్తాలు వచ్చే రెండు పంటలకు ఇస్తానన్నాడు. ముసలాయన తిట్టలేదు. చాలాసేపు బస్తా వైపే చూశాడు.

“ఇందుల ఎంతున్నయ్?”

“డెబ్బై ఐదు కిలోలు అన్నా. జోకి తెచ్చిన.”

“ఎవని గుండుతోని జోకినవ్ రా?”

నాయిన దగ్గర మాట లేదు. మళ్లీ బస్తా భుజానికెత్తుకున్నాడు. గిర్ని దాకా నాయిన ముందు, కర్ర టకటకలాడించుకుంటూ ముసలాయన వెనక, ఆ వెనక నేను. గిర్ని కాంటా మీద పెట్టారు. ముసలాయన వంగి, కళ్లు చికిలించి, రెండు సార్లు చూశాడు. సంచి బరువు తీసేసి లెక్క చెప్పమన్నాడు. డెబ్బై నాలుగు.

“కిలో తక్కువున్నది” అన్నాడు.

నాయిన నన్ను ఇంటికి ఉరికించాడు, చాటెడు వడ్లు పట్టుకురమ్మని.